సౌజన్యకు, చౌటుప్పల్ నుంచి

చౌటుప్పల్,
ఆదివారం.

చిరంజీవి సౌజన్యకు నాయన ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమంగా ఉన్నాము. నీ క్షేమ సమాచారం తెలియక చాలా రోజులైంది. ఫోన్ చేస్తే "క్లాసులో ఉన్నాను, తర్వాత చేస్తాను" అన్న మెసేజీ వస్తున్నది తప్ప నీ గొంతు వినబడడం లేదు. సద్దుల బతుకమ్మకు వస్తావని మీ అమ్మ తంగేడు పూలు ఎక్కువే తెప్పించింది. నువ్వు రాకపోతే నాయనమ్మే పక్కన కూర్చుని పేర్చింది. కుడి భుజం పైకి లేవదు కాబట్టి పూలన్నీ ఎడమ చేత్తోనే అందించింది. బావి మోటారు బాగు చేయించాము. చిన్న మగ్గం మీద మీ బాబాయి కొత్త పడుగు ఎక్కించాడు. అంజి ఐటీఐలో చేరాడు, క్రమం తప్పకుండా పోతున్నాడు. ఇంతకంటే విశేషాలు లేవు.

మీ శ్రీశైలం బావ పోయిన వారం పట్టు కొనడానికి పట్నం వచ్చి, అశోక్‌నగర్ మీదుగా పోతూ నీ హాస్టలు ముందు ఆగాడట. నువ్వు లేవట. పక్క గది అమ్మాయి అతనితో, నువ్వు గ్రూప్స్ పుస్తకాలన్నీ పాత పుస్తకాల వాడికి వేశావని, పొద్దున పోయి రాత్రి తొమ్మిది దాటాక వస్తున్నావని, ఏదో మందుల దుకాణంలో లెక్కలు చూస్తున్నావని చెప్పిందట. శ్రీశైలం మాటల్లో సగం తీసివేయాలని మీ అమ్మ అంటుంది. సగం తీసివేసినా మిగిలిన సగం నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. అయితే అది నిజమా కాదా అని అడగడానికి మాత్రం ఈ ఉత్తరం రాయడం లేదు. వేరే సంగతి రాయాలని కూర్చున్నాను.

దసరాకు ఇల్లు సున్నం వేయించినప్పుడు నీ గది గోడ మీద నువ్వు ఇంటర్ చదివే రోజుల్లో అంటించిన ఫొటోలను తీయవలసి వచ్చింది. చినగకుండా తడిగుడ్డతో నానబెట్టి తీసి, నా డైరీలో పెట్టాను. మల్లు స్వరాజ్యం గారు, సురవరం ప్రతాపరెడ్డి గారు, శారాజీపేట మల్లేశం. ముగ్గురినీ పక్కపక్కన పెట్టుకుని చూస్తుంటే, పత్రికల వాళ్లు అచ్చు వేసినవన్నీ వీళ్ల పేరు నలుగురికీ తెలిసిన తర్వాతి ఫొటోలే కదా అనిపించింది. నీకు చెప్పవలసినదంతా అంతకుముందు సంవత్సరాల్లో ఉన్నది.

స్వరాజ్యం గారినే తీసుకో. కర్విరాల కొత్తగూడెంలో దొర ఇంట పుట్టిన ఆడపిల్ల తుపాకీ పట్టిందని, నిజాం సర్కారు ఆమె తల మీద పది వేల రూపాయల వెల కట్టిందని నువ్వు చిన్నప్పుడే ఉపన్యాస పోటీలో చెప్పావు. కానీ 1951లో సాయుధ పోరాటాన్ని విరమించారు. ఆమె తుంగతుర్తి నుంచి మొదటిసారి శాసనసభకు గెలిచింది 1978లో. మధ్యలో ఇరవై ఏడు సంవత్సరాలున్నాయి బిడ్డా. తుపాకీ లేదు, పదవి లేదు, ఇల్లు ఉంది, పిల్లలున్నారు, ఊరూరా తిరగవలసిన పని ఉంది. ఆ ఇరవై ఏడేళ్ల ఫొటో ఏ గోడ మీదా ఉండదు. ఆమె ధైర్యమంతా అడవిలోనే ఖర్చయి ఉంటే ఆ తర్వాతి బతుకు అట్లా సాగేదే కాదు.

ప్రతాపరెడ్డి గారి సంగతి ఇంకా గట్టిది. గద్వాల వైపు ఇటిక్యాలపాడు ఆయనది. వకీలు చదువు చదివి, 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒక పెద్దమనిషి రాస్తే, ఈయన తిట్టుకు తిట్టు రాయలేదు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. అదే జవాబు. ఒక్కొక్క కవి చిరునామా వెతికి పద్యం రాబట్టి, చూసి, దిద్ది, పేర్చడంలో ఎన్ని రాత్రులు పోయి ఉంటాయో నలభై పరీక్ష పేపర్లు దిద్దితేనే మెడ పట్టేసే నాకు తెలుస్తుంది. ఆయన రాసిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర పుస్తకానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, తెలుగులో అదే మొదటిది. ఆయన 1953లోనే పోయారు. బహుమతి వస్తుందన్న ఆశ మీద చేసిన పని కాదది. నువ్వు పుస్తకాలు నిజంగానే అమ్మి ఉంటే, ఆ గ్రంథం కూడా అందులో పోయిందేమోనని మాత్రం నాకు బెంగగా ఉంది. అది సిలబస్ పుస్తకం కాదు. మీ తాత నల్లగొండలో కొన్నది, అట్ట మీద ఆయన సంతకం ఉంది.

ఇక మల్లేశం. నువ్వు ఈ కథ విన్నానంటావు. యంత్రం కనిపెట్టాడు, పద్మశ్రీ వచ్చింది, అంతవరకే విన్నావు. మొత్తం చెప్తాను, అడ్డురాకుండా చదువు.

ఆసు పోయడం అంటే ఏమిటో నీకు గుర్తుండదు, నువ్వు పుట్టేనాటికే నాయనమ్మ మానేసింది. చిటికి కట్టి, అంటే దారాన్ని అక్కడక్కడ బిగించి కట్టి, రంగులద్దే ముందు పేక దారాన్ని, చీరలో అడ్డంగా నేసే దారాన్ని, లెక్క ప్రకారం పేర్చుకోవాలి. ఒక చివర అర్ధచంద్రాకారంలో మేకుల వరుస, ఎదురుగా ఇంకొక మేకు. దారం పట్టిన చేయి ఈ కొస నుంచి ఆ కొసకు, ఒక్కొక్క మేకు చుట్టూ తిరిగి మళ్లీ వెనక్కి రావాలి. ఒక చీరకు తొమ్మిది వేల సార్లు. దినానికి రెండు చీరలకు ఆసు పోస్తే పద్దెనిమిది వేల సార్లు చేయి పోయి రావాలి. లెక్క తప్పితే పువ్వు పక్కకు జరుగుతుంది, చీర చెడిపోతుంది. అందుకని పోసేటప్పుడు నాయనమ్మ మాట్లాడేది కాదు, పెదవులు మాత్రం అంకెలు పలుకుతూ కదిలేవి. సాయంత్రానికి మోచేయి మడిచి అన్నం ముద్ద నోటి దాకా తెచ్చుకోవడం కష్టమయ్యేది. మీ అత్తమ్మ కలిపి తినిపించేది. మన పద్మశాలి ఇళ్లలో ఇది ఎవరికీ కొత్త కాదు కాబట్టి ఎవరూ దానిని బాధ అనుకోలేదు. ఆడవాళ్ల భుజాలు అట్లాగే ఉంటాయి అనుకున్నారు.

ఆలేరు మండలం శారాజీపేటలో లక్ష్మి అనే తల్లికీ అదే నొప్పి. ఆమె కొడుకు మల్లేశం ఆరో తరగతితో బడి మానిన పిల్లవాడు. ఈ పనిని యంత్రంతో చేయించాలని 1992లో మొదలు పెట్టాడు. యంత్ర విద్య చదవలేదు, చేతిలో డబ్బు లేదు. చెక్క కొన్నాడు, మోటారు కొన్నాడు, ఒక భాగం చేశాడు, అది పనిచేయలేదు, ఇంకొకటి చేశాడు. అప్పులయ్యాయి. ఉన్న మగ్గం నేసుకోక ఈ పిచ్చి ఎందుకని ఊరు అన్నది. అన్నవాళ్లను నేను తప్పు పట్టను, వాళ్లూ మగ్గం మీద బతికేవాళ్లే, అప్పు అంటే ఏమిటో తెలిసినవాళ్లే. చేయి ముందుకూ వెనక్కూ పోవడం వరకు యంత్రంలో కుదిరింది గానీ, దారం మేకు చుట్టూ తిరగడం కుదరలేదు. అక్కడే పని ఆగిపోయింది.

అప్పుడు అతను హైదరాబాదు వచ్చి కూలి పనికి చేరాడు. ఈ ఘట్టాన్ని నువ్వు నింపాదిగా చదవాలి. ఆ రోజుల్లో శారాజీపేట మనిషి ఎవరైనా అతన్ని పట్నంలో చూసి ఊరికి పోతే, "మల్లేశం యంత్రం వదిలేశాడు, కరెంటు పనికి పోతున్నాడు" అనే చెప్పి ఉండేవాడు. చూసినంత వరకు అది అబద్ధం కాదు. కానీ వచ్చిన కూలిలో తిండికి పోను మిగిలినది భాగాలకు పెట్టాడు. ఒక భాగం కుదిరిన తర్వాత ఇంకొకటి. బాలానగర్‌లో ఒక వర్క్‌షాపుకు పనికి పోయినప్పుడు, అక్కడ తిరుగుతున్న యంత్రం కదలికలో తనకు అంతుబట్టని కిటుకు కనిపించింది. 1999లో ఆసు యంత్రం పూర్తయింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం. పేటెంటు 2011లో, పద్మశ్రీ 2017లో. ఊరు వదిలి కూలికి పోయి ఉండకపోతే ఆ కిటుకు అతనికి ఎదురుపడేదే కాదు.

మందుల దుకాణంలో కూర్చోవడం చిన్నతనమని నేను అనుకోవడం లేదు, అందుకే ఇంత పొడుగు రాశాను. హాస్టలు ఫీజు నన్ను అడగడానికి మొగమాటపడి ఆ పనిలో చేరి ఉంటే, అది నీ పట్టుదలలో భాగమే. రాత్రి ఒక గంట చదివినా అది చదువే. కానీ ఆ పుస్తకాలను చూస్తేనే గుండె బరువెక్కుతున్నదని అమ్మేసి ఉంటే, అది వేరే సంగతి, దానిని నాకు చెప్పాలి. నోటిఫికేషను, వాయిదా, మళ్లీ పరీక్ష, మళ్లీ ఫలితం అని ఇన్ని సంవత్సరాలు కూర్చున్న పిల్లలకు అలసట రావడం సహజం. మీ కోచింగ్ సెంటరు మెట్ల మీద, ఓడిపోవడమే పాపమన్నట్టు పెద్ద అక్షరాలతో బోర్డులు పెట్టారు. ఫీజు కట్టడానికి వచ్చినప్పుడు చూశాను. అవి పిల్లలను భయపెట్టడానికే పనికి వస్తాయి. గొప్పవాళ్ల బతుకులను చూపించి పిల్లలను కొట్టకూడదు. నువ్వు వాళ్లను ఇష్టంతో గోడ మీద పెట్టుకున్నావు, ఆ ఇష్టాన్నే పట్టుకో.

ఓటమి అంటే గుర్తుకు వచ్చింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నేను నల్లగొండ నియోజకవర్గంలో పోలింగ్ డ్యూటీ చేశాను. 480 మంది అభ్యర్థులు. దుశర్ల సత్యనారాయణ గారి జలసాధన సమితి వాళ్లు, ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోతున్న జిల్లా గోడును దేశం చెవిన వేయడానికి రైతులతో నామినేషన్లు వేయించారు. ఎన్నికనే వాయిదా వేయవలసి వచ్చింది. బ్యాలెట్ పత్రం పుస్తకమైంది. ఒక ముసలాయన ఒక్కొక్క పేజీ తిప్పి, తన ఊరి మనిషి గుర్తు దొరికే దాకా లోపలి నుంచి రానన్నాడు. గెలిచింది బొమ్మగాని ధర్మభిక్షం గారు. మిగిలిన 479 మందీ ఓడారు. డిపాజిట్ అయిదు వందల నుంచి పది వేలకు పెంచి, మళ్లీ అట్లా చేయకుండా దారి కూడా మూశారు. ఇంటింటికీ మంచినీళ్లిచ్చే మిషన్ భగీరథ పైలాను మన చౌటుప్పల్‌లో లేచింది 2015లో. మర్రిగూడ, నాంపల్లి పిల్లల కాళ్ల గురించి పార్లమెంటుకు తెలియజేసిన వాళ్లలో ఎక్కువ మంది పేర్లు ఎవరికీ గుర్తు లేవు. నాకు మాత్రం వాళ్లు ఓడిన వాళ్లుగా కనిపించరు.

మళ్లీ పాఠం మొదలుపెట్టానని నవ్వుకుంటావు. ముప్పై ఏళ్లు బల్ల ముందు నిలబడిన గొంతు ఇది, ఇప్పుడు మారమంటే మారదు. ఇంకొక్క మాట చెప్పి ఆపుతాను. ఈ ముగ్గురిలో ఒక్కరు కూడా ఒంటరిగా నిలబడలేదు. స్వరాజ్యం గారికి అన్న భీమిరెడ్డి నర్సింహారెడ్డి గారున్నారు, ప్రతాపరెడ్డి గారికి పద్యాలు పంపిన ఊళ్లున్నాయి. నీకు మేమున్నాము. చదువుతానంటే ఇంకొక రెండేళ్లు చదివించగలను, పెన్షను వస్తున్నది, మీ అమ్మ పెట్టుకున్న చీటీ సంక్రాంతికి చేతికి వస్తుంది. చాలించి వేరే పని చూసుకుంటానంటే, ఏ పని అని అడుగుతాను, అంతే. రెండింటిలో ఏదైనా నీ నోటితో వినాలి. శ్రీశైలం నోటితో కాదు.

అక్కడ నీళ్లు కాచుకుని తాగు. పోయినసారి రక్తం తక్కువగా ఉందన్నారు, ఐరన్ మాత్రలు అయిపోయి ఉంటాయి. మందుల దుకాణంలో ఉంటే ఆ మాత్రలైనా తెచ్చుకుంటున్నావా? టీ తాగిన వెంటనే వేసుకోవద్దు, ఒంటికి పట్టవు. రాత్రి తొమ్మిదికి వచ్చేటట్లయితే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర దిగి సందులో నుంచి రావద్దు, మెయిన్ రోడ్డు మీదుగానే రా. శుక్రవారం శ్రీశైలం మళ్లీ పట్టు కోసం వస్తున్నాడు. మామిడికాయ తొక్కు, నువ్వుల ముద్దలు, నీ ఊలు స్వెట్టరు పంపిస్తున్నాము. తొక్కు స్టీలు డబ్బాలో పెట్టింది మీ అమ్మ, మూత బిగుతుగా ఉంటుంది, చెంచాతో ఎత్తి తీయి. సాయంత్రం అయిదింటికి హాస్టలు దగ్గర ఉండు. ఆ వేళకు దుకాణంలో ఉండేటట్లయితే దుకాణం పేరు, అది ఏ గల్లీలో ఉందో గురువారం లోపల మీ అమ్మకు ఫోన్ చేసి చెప్పు. అతను అక్కడికే తెచ్చి ఇస్తాడు.

ఇట్లు,
మీ నాయన