యాభయ్యో రోజున మొరాయించిన పెట్టె: మా వినియోగదారులకు వివరణ

మా దగ్గర ఫోనుతో నడిచే బోరు మోటారు పెట్టె కొన్న రైతులందరికీ నమస్కారం. ఈ ఏడాది సంక్రాంతి తర్వాత అమ్మిన, లోపల బ్యాటరీ ఉన్న పెట్టెలన్నిటిలోనూ ఒక లోపం ఉంది. దానికి కారణం కరెంటు కాదు, సిగ్నల్ కాదు, మీ ఎలక్ట్రీషియన్ ఇచ్చిన కనెక్షన్ కూడా కాదు. నేను రాసిన ప్రోగ్రాంలోనే తప్పు జరిగింది. ఆ పెట్టెలన్నిటినీ మా ఖర్చుతోనే సరిచేసి ఇస్తాం.

మార్చి నెలలో అనంతపురం జిల్లాకు చెందిన నలుగురు చీనీ (బత్తాయి) రైతులు కొద్ది రోజుల తేడాతో ఒకే ఫిర్యాదు చేశారు. ఉదయం త్రీ ఫేజ్ కరెంటు వచ్చింది, ఫోను చేస్తే పెట్టె ఎత్తుతోంది, కానీ మోటారు వేయకుండా ‘విరామంలో ఉంది’ అని మాత్రమే మెసేజ్ పంపుతోంది. మొదటి ముగ్గురికీ నేను బ్యాటరీ వైరు ఊడదీసి మళ్ళీ పెట్టమని చెప్పాను. మోటారు తిరిగింది కాబట్టి నెట్‌వర్క్ ఇబ్బంది అయి ఉంటుందని అంతటితో వదిలేశాను. నాలుగో ఆయన మాత్రం ఊరుకోలేదు. “తీసి పెడితే పన్జేస్తాది, సరే. మళ్లీ ఎప్పుడు నిలబడతాదో మాకెట్ల తెలిసేది?” అని అడిగారు. పెట్టె బిగించిన తేదీని ఆయన స్టార్టర్ డబ్బా మూత లోపల సుద్దముక్కతో రాసి పెట్టుకున్నారు. ఆ తేదీ నుంచి లెక్కవేస్తే మోటారు మొరాయించినది సరిగ్గా యాభయ్యో రోజు. ఆ అంకె వినగానే నాకు గుండె జారింది, ఎందుకంటే ఈ పని సరదాగా నేర్చుకునే రోజుల్లోనే నేను ఆ అంకె గురించి చదివాను.

మా పెట్టెలోని చిప్పు తనకు కరెంటు అందిన క్షణం నుంచి మిల్లీసెకన్లు, అంటే సెకనులో వెయ్యో వంతులు, లెక్కపెడుతూ ఉంటుంది. ఇలాంటి చిన్న చిప్పులకు ఆర్డుయినో అనే పద్ధతిలో రాసే ప్రోగ్రాంలలో ఈ లెక్క 32 బిట్ల (సున్నా గానీ ఒకటి గానీ పట్టే 32 గళ్ళ) సంఖ్యలో ఉంటుంది కాబట్టి, 4,29,49,67,295 దాకా వెళ్ళి, ఆ తర్వాత మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. అలా తిరగబడడానికి పట్టే కాలం 49 రోజుల 17 గంటలు. మోటారు ఆగాక, వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్ట) చల్లబడడానికీ బోరులో నీరు ఊరడానికీ పది నిమిషాలు వ్యవధి ఇవ్వాలన్నది నేను పెట్టిన నియమం. ఆ నియమాన్ని ‘ఫలానా అంకె దాటేదాకా వేయవద్దు’ అన్న రూపంలో రాశాను. రాత్రి పదకొండింటికి పడుకునే మనిషితో ‘గడియారం పదకొండుంబావు దాటేదాకా లేవవద్దు’ అని చెబితే, అతడు తెల్లవారి ఆరింటికి కళ్ళు తెరిచి, ఆరు పదకొండు కంటే చిన్నదే కదా అనుకుని మళ్ళీ ముసుగు తన్నినట్టు, పెట్టె కూడా విరామం ఇంకా ముగియలేదనే అనుకుంది. లెక్క తిరగబడిన సమయానికి మోటారు నడుస్తూ ఉన్నవారికి ఈ ఇబ్బంది రాలేదు, ఆగి ఉన్నవారికే వచ్చింది. మోటారు ఆగిన క్షణాన్ని గుర్తుంచుకుని, ఇప్పటి లెక్కలోంచి దాన్ని తీసివేసి, ఎంతసేపు గడిచిందో చూడమని రాసి ఉంటే సున్నా దాటినా తేడా వచ్చేది కాదు. సరిదిద్దడానికి మార్చినది రెండే వరుసలు.

మొదటి విడత పెట్టెల్లోనూ ఈ తప్పు ఉంది, కానీ బయటపడలేదు. వాటిలో బ్యాటరీ లేదు. మన దగ్గర వ్యవసాయానికి పగటిపూట 9 గంటలే త్రీ ఫేజ్ కరెంటు ఇస్తారు కాబట్టి ఆ పెట్టెలు రోజూ ఆరిపోయి, లెక్క రోజూ సున్నా నుంచే మొదలయ్యేది. కరెంటు పోయినప్పుడు కూడా మెసేజ్ రావాలని మీలో చాలామంది అడిగితే రెండో విడతలో బ్యాటరీ పెట్టాను. మంచి కోసం చేసిన మార్పే పాత తప్పును బయటికి లాగింది. బల్ల మీద రెండు రోజులు నడిపి చూసి అమ్మకానికి పెట్టడం నా తొందరపాటు. ఇప్పుడు ప్రతి కొత్త ప్రోగ్రాంనూ, లెక్క తిరగబడడానికి ఐదు నిమిషాల ముందున్న అంకె నుంచి మొదలుపెట్టించి పరీక్షిస్తున్నాను.

నేను చదివినది బీకాం. నాన్నగారు రాత్రిపూట మోటారు వేయడానికి తోటకు వెళ్ళకూడదని మొదటి పెట్టె చేశాను, అప్పటినుంచి దెబ్బ తగిలినప్పుడల్లా ఒక్కొక్కటి నేర్చుకుంటున్నాను. నిరుడు ఎండాకాలంలో పెట్టెల మూతలు వంగిపోయిన సంగతి మొదటి విడత కొన్నవారికి తెలుసు. ఆ మూతలను నా త్రీడీ ప్రింటర్ మీద పీఎల్ఏ ప్లాస్టిక్‌తో ముద్రించాను. అది దాదాపు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మన ఎండలో రేకు డబ్బా లోపల ఎంత వేడి పుడుతుందో చెయ్యి పెట్టి చూసినవారికి తెలుసు. వంగిన మూత సందులోంచి చీమలూ, ఒక తోటలో బల్లీ లోపలికి దూరి, మోటారును వేసి ఆపే స్విచ్చు లాంటి రిలే మాడింది. ఇప్పుడు సొంతంగా ముద్రించడం మానేసి, బజారులో దొరికే పాలికార్బొనేట్ పెట్టెలు కొని, వైర్లు దూరే చోట సందు మూసే గ్లాండులు బిగిస్తున్నాం. దీనివల్ల కొత్త పెట్టె ధర 450 రూపాయలు పెరిగింది. పాతవారికి మూత మార్చడానికి మాత్రం ఏమీ తీసుకోం.

మీ పెట్టెకు పక్కన పసుపు స్టిక్కర్ ఉంటే అందులో బ్యాటరీ ఉన్నట్టు. మేము వచ్చి ప్రోగ్రాం మార్చేదాకా నెలకొకసారి ఎలక్ట్రీషియన్ చేత బ్యాటరీ వైరు ఒక నిమిషం ఊడదీయించి మళ్ళీ పెట్టించండి. మెయిన్ ఆపి, మూడు ఫీజులూ తీసిన తర్వాతే మూత తెరవాలి. ఈలోగా పెట్టె మొరాయిస్తే స్విచ్చును మాన్యువల్‌కు తిప్పి, పాత స్టార్టర్ బటన్‌తోనే మోటారు వేసుకోవచ్చు. అయితే మాన్యువల్‌లో ఒక ఫేజ్ పోయినా మోటారును ఆపే వీలు మా పెట్టెకు ఉండదు, కాబట్టి ఆ సమయంలో మనిషి దగ్గర ఉండడం అవసరం.

వచ్చే సోమవారం నుంచి తాడిపత్రి, ధర్మవరం వైపు ఊళ్ళకు నేనే వస్తాను. మిగతావారు పెట్టెను కొరియర్‌లో పంపవచ్చు, రెండు వైపులా ఖర్చు మాదే. ఇక ఈ పెట్టె వద్దనుకునేవారికి పూర్తి సొమ్ము తిరిగి ఇస్తాం. ఆ నలుగురిలో ఒకరు ఇప్పటికే తీసుకున్నారు, ఏప్రిల్ ఎండల ముందు తోటకు రెండు తడులు తప్పిన మనిషిని ఉండమని అడిగే మొహం నాకు లేదు. పెట్టె పంపేవారు సిమ్ కార్డు తీసి మీ దగ్గరే ఉంచుకోండి.