మనసు మందులు మధ్యలో ఆపేస్తున్నారు
డిప్రెషన్‌కు డాక్టర్ రాసిన మాత్రల్ని పది రోజులకే మానేయడం మా కావలి చుట్టుపక్కల ఊళ్లలో మామూలైపోయింది. మందుల షాపు దగ్గర కాసేపు నిలబడితే చాలు, ‘గుణం కనపడలేదు, పైగా అలవాటైపోతాయంట’ అనే మాట వినిపిస్తుంది. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం మీద ఈ మాత్రలు వెంటనే పనిచేసినా, మనసు తేరుకోవడానికి సాధారణంగా 2 నుంచి 6 వారాలు పడుతుంది. ఉన్నట్టుండి ఆపేస్తే కొందరికి తల తిరగొచ్చు, నిద్ర పట్టకపోవచ్చు. అప్పుడు మందే చెడ్డదంటారు. పనికి లేవలేని మనిషిని ‘ఒళ్లు వంగదు’ అని ఇంట్లోవాళ్లే తిట్టడం మరీ అన్యాయం. చేయాలన్న ఉత్సాహం పుట్టించే డోపమైన్ అనే మెదడు రసాయనం వ్యవస్థ కూడా ఈ జబ్బులో దెబ్బతినవచ్చు. ఆశా కార్యకర్తలు బీపీ, షుగర్ వాళ్లను అడిగినట్టే వీళ్లనూ ఇంటికెళ్లి మందుల గురించి అడగాలి. ప్రతి పీహెచ్‌సీ గోడమీద మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలిమానస్ నంబరు 14416 పెద్ద అక్షరాలతో రాయించాలి.
– ఒక పాఠకురాలు, కావలి, నెల్లూరు జిల్లా