హెడ్‌లైట్ల గొడవ, ఆల్గాల్ నక్షత్రం, ఇంకొన్ని సంగతులు

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన శుక్రవారం రాత్రి అబ్జర్వేటరీ దగ్గర ఏం జరిగిందని నన్ను అడిగినవాళ్ల కన్నా, ఏం జరిగిందో నాకే చెప్పినవాళ్లు ఎక్కువ. వాట్సాప్ గ్రూపులో ఆ కథ "పిల్లల ముందే పేరెంట్‌ని అవమానించారు" అనేదాకా వచ్చింది కాబట్టి రాస్తున్నాను. మన బడి పిల్లలు, వెలుగు మారుతుండే ఆల్గాల్ అనే నక్షత్రాన్ని చూసి దాని వెలుగును అంచనా వేస్తున్నారు. చెప్పిన టైముకి బాగా ముందే ఒక కారు హెడ్‌లైట్లు వేసుకుని గేటు దాటి లోపలికి వచ్చింది. అక్కడి వాలంటీరు "లైట్లు ఆపండి!" అని గట్టిగా అరిచారు. అంతే. ఆయన అరవకపోతే నేనే అరిచేదాన్ని.

చీకటికి కళ్లు బాగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్క హెడ్‌లైటు పడితే మళ్లీ మొదటికి. అందుకే అక్కడ ఎర్ర లైటు తప్ప మరొకటి వెలిగించరు. ఆ రాత్రి ఆల్గాల్ బాగా మసకబారే వేళ సరిగ్గా అదే. ఆ అరగంటకి పిల్లల పుస్తకాల్లో అంకెలు లేవు, "కారు లైట్లు" అని రాసి ఉంది.

యూనిట్ టెస్టుల టైంటేబుల్ డైరీలో అంటించాం, చూడండి. పిల్లలు మర్చిపోయిన నీళ్ల సీసాలు ఆఫీసు గదిలో గుట్టగా ఉన్నాయి, దయచేసి పట్టుకెళ్లండి.

"చుక్కలు లెక్కపెడితే మార్కులొస్తాయా?" అని ఒకరు రాశారు. రావు. కానీ వాళ్లు చేస్తున్నది చుక్కలు లెక్కపెట్టడం కాదు. ఆల్గాల్‌లో మసక నక్షత్రం ఒకటి ప్రకాశవంతమైనదానికి అడ్డొస్తుంటుంది. 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి దాని వెలుగు 2.1 మాగ్నిట్యూడ్ నుంచి 3.4కి పడిపోతుంది (మాగ్నిట్యూడ్ అంటే నక్షత్రం వెలుగుకి కొలత, అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు). ఆ వ్యవధిని లెక్కగట్టి 1783లో ప్రకటించిన జాన్ గుడ్‌రిక్‌కి అప్పటికి 18 ఏళ్లు. చెవులు వినిపించవు. లండన్‌లోని సైన్సు సంస్థ రాయల్ సొసైటీ అతనికి తన పెద్ద బహుమతి కాప్లీ పతకం ఇచ్చింది. పెద్ద టెలిస్కోపులు నెలల తరబడి ఒకే నక్షత్రాన్ని కనిపెట్టుకుని కూర్చోలేవు, ఒక్కో గంట కోసం శాస్త్రవేత్తలు వరుసలో ఉంటారు. ఆ కాపలా పని ఔత్సాహికులది. వెలుగు మారే నక్షత్రాలను గమనించేవాళ్ల కోసం అమెరికాలో 1911లో మొదలైన ఏఏవీఎస్ఓ సంస్థ దగ్గర వాళ్లు పంపిన పరిశీలనలు కోట్లలో ఉన్నాయి. కొన్ని నక్షత్రాలు ఉన్నట్టుండి భగ్గుమంటే వాటివైపు చూస్తున్న హబుల్ అంతరిక్ష టెలిస్కోపు డిటెక్టర్లు (వెలుగును పట్టే పరికరాలు) పాడవ్వచ్చు. అందుకని అటు తిప్పే ముందు వాటి వెలుగు ఎంతుందో ఔత్సాహికులే చూసి చెప్పారు. మార్కుల సంగతంటారా, జెస్సోర్ (ఇప్పటి బంగ్లాదేశ్) ట్రెజరీలో చిన్న ఉద్యోగి రాధాగోవింద చంద్ర ఎంట్రన్స్ పరీక్ష (మెట్రిక్ లాంటిది) మూడుసార్లు తప్పారు. ఆయన అదే సంస్థకు 37 వేలకు పైగా పరిశీలనలు పంపారు.

ఇక మన పిల్లలు. ఆరో తరగతి బుడతడొకడు నక్షత్రాల చార్టు చూసి, నక్షత్రం పక్కన ఉన్న 29 అంటే 2.9 మాగ్నిట్యూడ్ అని, దశాంశ బిందువు పెడితే దాన్నీ ఒక నక్షత్రం అనుకుంటారని వదిలేశారని, ఎవరూ చెప్పకుండానే కనిపెట్టాడు. క్లాసులో నిమిషం నోరు మూయని ఎనిమిదో తరగతి అబ్బాయి మబ్బు ఎప్పుడు పట్టిందో, ఎప్పుడు విడిచిందో గడియారం చూసి రాసుకున్నాడు. తొమ్మిదో తరగతి అమ్మాయి సంగతి చెప్పకుండా ఉండలేను. చుట్టూ అందరూ 3.3 అంటుంటే తను 3.1 వేసింది. అబ్జర్వేటరీ పెద్దాయన "మళ్లీ చూడమ్మా" అన్నారు. చూసింది. 3.1 అలాగే ఉంచింది. ఆయన నా వైపు తిరిగి తలూపారు. ఆ సంతోషం నాకింకా తగ్గలేదు!

అందుకే సోమవారం రెండు పరిశీలన పుస్తకాలు చూసి ప్రాణం ఉసూరుమంది. పిల్లలు రాసిన అంకెలు చెరిపి, పెద్దల చేతిరాతలో 3.4 అని ఉంది. ఇంటర్నెట్‌లో చూసి సరిదిద్దామని ఎంతో ప్రేమగా చీటీ కూడా జత చేశారు. మీ శ్రద్ధకు కృతజ్ఞతలు. సైన్సులో దాన్ని దొంగలెక్క అంటారు. కనిపించకపోతే "కనిపించలేదు" అని రాయడం కూడా పరిశీలనే, దాన్ని కూడా ఏఏవీఎస్ఓ వాళ్లు భద్రపరుస్తారు.

పిల్లలు మొదటి పీరియడ్‌లో తూగుతున్నారన్న ఫిర్యాదు కూడా అబ్జర్వేటరీ మీదికే పోతోంది. అబ్జర్వేటరీ నెలకోసారి, తూగడం రోజూ. అర్ధరాత్రి దాకా ఫోను ఎవరి చేతిలో ఉంటోందో నేను అడగను, మీకే తెలుస్తుంది.

తర్వాతి పరిశీలన వచ్చే నెలలో. మబ్బుల్ని బట్టి తేదీ చెబుతాం. తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లు బండి గేటు బయటే ఆపి, లైట్లు ఆర్పి నడిచి రండి. ఎర్ర కాగితం చుట్టిన టార్చీలు గేటు దగ్గర పెట్టిస్తాను. అంగీకార పత్రాలు శుక్రవారంలోగా క్లాస్ టీచరుకు అందాలి. పోయినసారి సగం పత్రాలు బ్యాగుల అడుగున దొరికాయి, కాబట్టి ఈసారి మీరే తెచ్చి ఇవ్వండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు