నేల దొరికింది, చమురు దొరకలేదు

సంపాదకుల వారికి నమస్కారం.

ఎక్కడ యుద్ధం వచ్చినా టీవీ చర్చల్లో ఎవరో ఒకరు 'ముందు చమురు బావులు పట్టేసుకుంటే సరి' అనేస్తారు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో రిగ్గుల మీద పనిచేసి రిటైరైనవాణ్ని. ఆ మాట వింటే నాకు మనసు ఊరుకోదు. 1942లో హిట్లర్ కూడా అలాగే అనుకున్నాడు.

ఆ జూన్ 28న జర్మన్ సైన్యం సోవియట్ దక్షిణ ప్రాంతాల మీదకు కదిలింది. నల్లసముద్రం, కాస్పియన్ సముద్రాల మధ్యనున్న కాకసస్ ప్రాంతంలోని మైకోప్, గ్రోజ్నీ, వాటిని దాటి బాకు చమురు దాని గురి. జులైలో హిట్లర్ ఒక దండును స్టాలిన్‌గ్రాడ్‌కి, ఇంకో దండును కాకసస్‌కి ఒకేసారి తోలాడు. ఆగస్టు 9న మైకోప్ చేతికొచ్చింది. తీరా చూస్తే బావులన్నీ కాంక్రీటుతో పూడ్చేసి ఉన్నాయి. పనికొచ్చే యంత్రాలు తరలిపోయాయి, మిగిలినవి ధ్వంసమయ్యాయి.

శత్రువుకి దక్కకుండా బావుల్ని పాడుచేసే ఈ పని సోవియట్ చమురు శాఖ అధికారి నికొలాయ్ బైబకోవ్‌కి అప్పగించారు. శత్రువుకి ఒక్క టన్ను చమురు మిగిల్చినా నిన్ను కాల్చి చంపేస్తాం, తొందరపడి నాశనం చేశాక శత్రువు రాకపోయినా కాల్చి చంపేస్తాం అని స్టాలిన్ తనతో అన్నట్టు ఆయనే తర్వాత చెప్పారు. ఎంత టెన్షన్ పడి ఉంటారో! తాము తవ్విన బావుల్ని తామే పూడ్చుకున్న ఆ కార్మికుల బాధ నాకు అర్థమవుతుంది.

బావుల్ని బాగుచేయడానికి జర్మన్లు ప్రత్యేకంగా ఒక టెక్నికల్ బ్రిగేడ్‌నే వెంట తెచ్చుకున్నారు. అయినా దక్కింది చాలా స్వల్పం. 1995లో మన పాశర్లపూడిలో ఒక్క బావి 65 రోజులు మండింది. యుద్ధం లేదు, విదేశీ నిపుణులు కూడా వచ్చారు, అయినా అన్ని రోజులు పట్టింది. ఇక శత్రువు కావాలని పాడుచేసిన బావుల సంగతి చెప్పాలా?

చమురు కోసం బయల్దేరిన ట్యాంకులు ఇంధనం అందక దారిలో ఆగిపోయాయి. గ్రోజ్నీ చిక్కలేదు, బాకు దరిదాపులకి కూడా పోలేకపోయారు. 1943 జనవరిలో మైకోప్ కూడా వదిలేసి వెనక్కి నడిచారు.

మీ పత్రికలో యుద్ధ వార్తలకు మ్యాపులు వేసి చమురు క్షేత్రాలను గుర్తించేటప్పుడు, చెడిపోయిన బావిని మళ్లీ నడిపించడానికి ఎంతమంది, ఎంతకాలం కావాలో కూడా ఒక పేరా రాయించండి. ఈ పనిలో జీవితం గడిపినవాళ్లం గోదావరి జిల్లాల్లో చాలామందిమి ఉన్నాం. అడిగితే చెబుతాం.

- ఒక రిటైర్డ్ డ్రిల్లింగ్ ఉద్యోగి, రాజోలు