డ్యూటీ అప్పగింతకు అరగంట కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఆసుపత్రిలో పనిచేస్తూ శిక్షణ పొందే రెసిడెంట్ డాక్టర్ల గురించి ఎప్పుడు చర్చ వచ్చినా పనిగంటల దగ్గరే ఆగిపోతోంది. గంటలు తగ్గాల్సిందే, అందులో మాకు రెండో మాట లేదు. కానీ డ్యూటీ చిన్నదయ్యేకొద్దీ రోగి ఒక డాక్టర్ నుంచి మరొకరికి ఎక్కువసార్లు చేతులు మారతాడు. ఆ మారే చోట ఏం జరుగుతుందో ఎవరూ మాట్లాడడం లేదు.

అమెరికాలో 2003 నుంచి రెసిడెంట్లకు వారానికి 80 గంటల పరిమితి ఉంది. మొదటి ఏడాది వాళ్లు ఏకబిగిన 16 గంటలు మించి పనిచేయకూడదని 2011లో నిబంధన పెట్టి, 2017లో మళ్లీ 24కి పెంచారు. మాటిమాటికీ డాక్టర్ మారితే వైద్యం తెగిపోతుందన్నది అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి. అలసినవాణ్ని ఇంకాసేపు నిలబెట్టడం దీనికి మందు కాదని మా అభిప్రాయం. బాగుచేయాల్సింది అప్పగింతను.

మెడిసిన్ వార్డులో రోజూ కనిపించే కేసే చూడండి. రక్తంలో సోడియం బాగా పడిపోయి, డ్రిప్ మీద ఉన్న రోగి. సాయంత్రం దిగిపోయే రెసిడెంట్ "పదకొండో బెడ్, రాత్రి సోడియం చూడు" అని చెప్పి వెళ్తాడు. రాత్రి 2 గంటలకు 121 అని రిపోర్టు వస్తే, పెరుగుతోంది కదా అని నైట్ డ్యూటీ డాక్టర్ ఊరట పడతాడు. ఉదయం 8కి అది 108 అని తెలిసుంటే గుండె జారిపోయేది. చాలాకాలంగా తగ్గి ఉన్న సోడియం 24 గంటల్లో 8 నుంచి 10 మించి పెరగకూడదు. అంతకన్నా వేగంగా పెరిగితే మెదడులో నరాల పైపొర దెబ్బతిని మాట, మింగుడు, కాళ్లూచేతులూ పోవచ్చు. అదీ కొన్ని రోజులు ఆగి బయటపడుతుంది.

అదే రోగిని ఇలా అప్పగించాలి: "ఉదయం 8కి 108, సాయంత్రం 6కి 113. రాత్రి 10కి, 2కి మళ్లీ రక్తం పరీక్షకు పంపాలి. రేపు 8 లోపు 116 దాటకూడదు. 115కి చేరినా, మూత్రం గంటకు 100 మిల్లీలీటర్లు మించినా డ్రిప్ ఆపి సీనియర్‌కి ఫోన్ చెయ్యి." నిమిషం కూడా పట్టదు.

ఇందుకు ఐ-పాస్ అనే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. రోగి ఎంత సీరియస్, కేసు క్లుప్తంగా, మిగిలిన పనులు, ఏం జరిగితే ఏం చేయాలి, చివరగా విన్నవాళ్లు తిరిగి చెప్పడం. 2014లో ప్రచురితమైన అధ్యయనంలో, 9 ఆసుపత్రుల పిల్లల విభాగాల్లో దీన్ని అమలుచేశాక వైద్య తప్పిదాలు 23 శాతం తగ్గాయి. హడావుడిలో ముందు ఎగిరిపోయేది ఆ చివరి మెట్టే. "పొటాషియం 2.8, మెగ్నీషియం కూడా తక్కువ, రెండూ ఎక్కించు" అంటే చాలాసార్లు చెవిన పడేది పొటాషియం ఒక్కటే. మెగ్నీషియం సరిచేయకపోతే ఎంత పొటాషియం ఎక్కించినా మూత్రంలో పోతూనే ఉంటుంది. విన్నది తిరిగి చెప్పిస్తే ఆ లోటు అక్కడికక్కడే దొరుకుతుంది.

బెడ్ నంబర్ల వరుసన అప్పగించే అలవాటు కూడా పోవాలి. చివరి బెడ్లకు వచ్చేసరికి ఓపిక, సమయం రెండూ అయిపోతాయి. అందరికన్నా సీరియస్‌గా ఉన్నవాళ్లతో మొదలుపెట్టి, ఆ ఇద్దరు ముగ్గుర్ని ఇద్దరు డాక్టర్లూ బెడ్ దగ్గర కలిసి చూడాలి. రావాల్సిన కల్చర్ రిపోర్టులకు (ఏ క్రిమి పెరిగిందో చెప్పే పరీక్షలు) రాత్రి ఎవరికి ఫోన్ రావాలో ల్యాబ్‌కి ముందే చెప్పాలి. లేకపోతే ఆ ఫోన్ ఇంట్లో నిద్రపోతున్నవాళ్లకు వెళ్తుంది. నిన్నటి అప్పగింత షీట్‌నే మళ్లీ ప్రింట్ తీస్తే, పొద్దున ఆపేసిన రక్తం పలచబరిచే మందు రాత్రికి మళ్లీ మొదలవుతుంది.

ఇదంతా వరండాలో నడుస్తూ జరిగే పని కాదు. పగటి డ్యూటీ 8కి ముగిస్తే నైట్ డ్యూటీ 7.30కే మొదలయ్యేలా రోస్టర్ వేయాలి. ఆ అరగంటను ఇద్దరికీ పనిగంటల్లోనే లెక్కకట్టాలి. ఆ సమయంలో వార్డు ఫోన్లు చూసుకోవడానికి మరొకరిని పెట్టాలి. వారానికి ఒక్కసారైనా ఒక సీనియర్ కూర్చుని, మొదటి ఏడాది వాళ్ల అప్పగింత విని సరిదిద్దాలి. ప్రొసీజర్లు పక్కన నిలబడి నేర్పిస్తున్నాం, దీన్ని మాత్రం వాళ్లకే వదిలేస్తున్నాం.

ఇట్లు,
ఇంటర్నల్ మెడిసిన్ సీనియర్ రెసిడెంట్లు కొందరు