ఆయిల్ మీటరు మార్చమని వచ్చే అన్నలకు

చిత్తూరులో మన షెడ్డుకు బండ్లు తెచ్చే అన్నలందరికీ నమస్కారం. తోతాపురి మామిడి కోతలు మొదలయ్యాక పాత మాస్సీ, మహీంద్రా ట్రాక్టర్లు వరసగా వస్తున్నాయి. చాలామందిది ఒకటే మాట: "ఆయిల్ మీటరు పోయింది, కొత్తది బిగించు." ఇంజన్ ఆయిల్ ప్రెషర్ చూపించే ఈ మీటరును ఇకమీదట అడగ్గానే బిగించను. ముందు ఇంజన్‌కు నా టెస్టు గేజి పెట్టి చూస్తాను. పంపు అరిగో, బేరింగులు వదులయ్యో, డీజిల్ కలిసి ఆయిల్ పలచబడో ప్రెషర్ పడిపోయి ఉంటే, కొత్త మీటరు కూడా అదే చూపిస్తుంది. మీ డబ్బులు దండగ.

"చిన్న మీటరుకు సగం రోజా?" అని కొందరు విసుక్కుంటున్నారు. పనంతా బిగించే మర (థ్రెడ్) దగ్గరే ఉందన్నా. 1/8 అంగుళం సైజులోనే రెండు రకాలు: అమెరికా మరకు అంగుళానికి 27 చుట్లు, బ్రిటిష్ మరకు 28. ఒకదాంట్లో ఇంకొకటి చేత్తోనే కొంత దూరం ఎక్కేస్తుంది. తర్వాత పట్టేస్తే బాగా టైటయిందనుకుంటాం. పొలంలోకి పోయాక ఆయిల్ కారుతుంది. టెఫ్లాన్ టేపు కూడా మొదటి మర వదిలేసి చుట్టాలి, లేకపోతే ముక్క తెగి ఆయిల్ దారిలోకి పోతుంది. మీటరుకు ఆయిల్ తెచ్చే రాగి పైపును తిన్నగా లాగి బిగిస్తే ఇంజన్ అదురుకు విరుగుతుంది, అందుకే మధ్యలో ఒక చుట్ట వదులుతాను. చూడ్డానికి బాగాలేదని దాన్ని సరిచేయొద్దు, దండం పెడతా. వైరు మీటరైతే సెండర్‌తో (ఇంజన్ దగ్గర ప్రెషర్ పసిగట్టే ముక్కతో) జత కుదరాలి, కుదరకపోతే ముల్లు తిరుగుతుంది కానీ లెక్క తప్పు.

కొత్త మీటరు 3 చూపిస్తోందని, పాతది 45 చూపించేదని మొన్న ఒక పెద్దాయన టెన్షన్ పడిపోయాడు. పాతది పీఎస్‌ఐ, అంటే చదరపు అంగుళానికి పౌన్ల లెక్క; కొత్తది చదరపు సెంటీమీటరుకు కేజీల లెక్క. ఒక కేజీ అంటే 14 పీఎస్‌ఐ పైచిలుకు. రెండూ ఇంచుమించు ఒకటే.

పల్ప్ ఫ్యాక్టరీ క్యూలో బండి గంటలకొద్దీ స్లోలో ఆడుతుంటే ఆయిల్ వేడెక్కి ముల్లు కాస్త దిగుతుంది. రేస్ ఇస్తే లేవాలి. లేవకపోతే వెంటనే ఇంజన్ ఆపేయండి, లోడు సంగతి తర్వాత.

అమ్మకానికి పెట్టే బండికి ముల్లు పైకి చూపించేలా చెయ్యమని అడిగేవాళ్ళూ ఉన్నారు. ఆ పని నేను చెయ్యను, కొనేది కూడా మన రైతే కదా.

టెస్టుకు ఇంజన్ వేడిగా ఉండాలి, బిగించడానికి చల్లారాలి. కాబట్టి పొద్దున్నే బండి నడుపుకుంటూ వచ్చి, మధ్యాహ్నం వరకు వదిలిపెట్టండి. మీటరు బిల్లు ధరకే ఇస్తాను, కూలీ 300. పాత మీటరు, పైపు పారేయకుండా తెండి, మర చూసుకోవడానికి కావాలి.