ఆ నలభై ఒక్క ప్యాకెట్ల సంగతి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల వార్తాలేఖ గ్రంథాలయ వారోత్సవాల గురించి రాద్దామని కూర్చున్నాను. నేను రాసేలోపే ఊళ్ళో వాట్సాప్ గ్రూపులన్నిట్లో నా గురించి రాసేశారు. "హెడ్మాస్టర్ మేడం పిల్లల నోటి దగ్గర కూడు లాగేసింది" అని ఒక వీడియో తిరుగుతోంది. నాకే ముగ్గురు పంపారు. అందులో కనిపించే బల్ల నాదే, చెయ్యి కూడా నాదే. కానీ ఆ వీడియో ఇరవై సెకన్లది. జరిగింది దాదాపు గంటసేపు. కాబట్టి మొదటి నుంచీ చెబుతాను.

పోయిన గురువారం ప్రార్థన జరుగుతుండగా ఎనిమిదో తరగతి అమ్మాయి కళ్ళు తిరిగి పడిపోయింది. నీడలోకి తీసుకెళ్ళి, ముఖం మీద నీళ్ళు చల్లి, కాస్త తేరుకున్నాక పొద్దున ఏం తిన్నావమ్మా అని అడిగాం. "టీ తాగాను టీచర్." రాత్రి? "ఆకలి వెయ్యలేదు, సాయంత్రం చిప్స్ ప్యాకెట్ తిన్నాను." ఏఎన్ఎం నర్సమ్మ వచ్చి చూశారు, ఇప్పుడు పిల్ల బాగానే ఉంది, కంగారు పడకండి. ఆ అమ్మాయిని ఇంటికి పంపించాక నేను ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు వెళ్ళి, సంచుల్లో తినేవి ఏమున్నాయో బల్ల మీద పెట్టమన్నాను. నలభై ఒక్క ప్యాకెట్లు వచ్చాయి. అప్పటికి టైము తొమ్మిదిన్నర. గురువారం మన బళ్ళో రాగి జావ ఇచ్చే రోజు. ఆ నలభై ఒక్క మందిలో జావ గ్లాసు పట్టుకునే వాళ్ళు పదిమంది కూడా ఉండరని వడ్డించే ఆయమ్మ నాతో ఎన్నిసార్లు చెప్పిందో.

వీడియోలో లేనిది ఆ తర్వాత జరిగింది. ప్యాకెట్లు తీసుకున్నాం గదా, ఊరికే గోనెసంచిలో పడెయ్యడం ఎందుకని, సైన్సు ల్యాబులోంచి భూతద్దాలు తెప్పించి, వెనక ఏం రాసుందో మీరే చదవండి అన్నాను. అంత సన్నటి అక్షరాలు వేసినవాడికి అవి ఎవరూ చదవకూడదన్న ఉద్దేశం ఉండి తీరాలి. అయినా చదివారు. పామోలిన్ నూనె, ఉప్పు, చక్కెర, ఐఎన్ఎస్ 627, ఐఎన్ఎస్ 631. ఆ చివరి రెండూ రుచి పెంచడానికి వేసేవని సైన్సు టీచరు చెప్పారు. తెలుగు వాచకం తెరవమంటే గొంతు పెగలని ఒక అబ్బాయి ఆ రోజు మూడు ప్యాకెట్లు వరసగా, గట్టిగా చదివాడు. ప్యాకెట్ మీద పాతిక గ్రాములని ఉంటే, పది రూపాయలైతే కిలో ఎంత పడుతుందని అడిగాను. వెనక బెంచీ నుంచి నోటి లెక్కే: "నాలుగొందలు టీచర్! మా నాన్న ఆదివారం తెచ్చే కోడి కంటే ఎక్కువ!" కిలో ముప్పై రూపాయల బంగాళాదుంపని మనం నాలుగొందలు పెట్టి కొంటున్నాం. మన వేటపాలెం జీడిపప్పు పిరమని అనుకుంటాం గానీ దానిలో పప్పైనా ఉంటుంది.

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో మన దేశస్థుల కోసం 17 ఆహార సూత్రాలు విడుదల చేసింది. ఉప్పు, నూనె, చక్కెర ఎక్కువున్న ప్యాకెట్ తిండి తగ్గించమన్నది అందులో ఉంది. అన్నిటికంటే చివరి సూత్రం, ప్యాకెట్ మీద రాసింది చదివి కొనుక్కోమని. అంటే తిండికీ చదువుకీ లంకె నేను పెట్టింది కాదు.

"ఆరింటికి జీడిపప్పు ఫ్యాక్టరీకి పోవాలి మేడం, టిఫిన్లు చేసే టైం ఎక్కడిది" అని ఒక తల్లి నా గదిలో కూర్చుని కన్నీళ్ళు పెట్టుకుంది. ఆమెను నేను తప్పు పట్టను. మగ్గం మీద పనున్నప్పుడు ఇంటిల్లిపాదీ దానికే అతుక్కోవాలని కూడా తెలుసు. అందుకే టైం లేనివాళ్ళకు పనికొచ్చేవే చెబుతున్నాను. రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసి మూత పెట్టండి. పొద్దున ఒక ఉల్లిపాయ, ఒక పచ్చిమిరపకాయ. చద్దన్నం అంటే పిల్లలు మొహం తిప్పుకుంటున్నారు, నిజమే. వాళ్ళకది నామోషీ అని నేర్పింది మనమే గదా. రాత్రి పడుకునే ముందు శెనగలు నానబెడితే పొద్దున కుక్కరులో నాలుగు విజిల్స్. పావుకిలో శెనగలు పాతిక రూపాయల లోపే, నలుగురు పిల్లలకు గుగ్గిళ్ళు సరిపోతాయి. రాగుల్లో, బరువుకు బరువు చూస్తే, పాలలో కంటే రెండింతలకు పైనే కాల్షియం ఉంటుంది. మునగచెట్టు మన ఊళ్ళో ప్రతి మూడో ఇంటి పెరట్లో ఉంది. కాయలు కోసి, ఆకు మేకకు వేస్తున్నారు. మేక ఆరోగ్యంగా ఉంది. ఆ ఆకు పప్పులో వెయ్యండి, చివర నిమ్మకాయ పిండండి. పులుపు ఉంటే ఆకుకూరలోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే అదే ఐరన్ పట్టకుండా పోతుంది. పదో తరగతి లోపు పిల్లలకు అసలు టీ ఎందుకో నాకు అర్థం కాదు. మనం వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర ఒకవైపు, మీరు రోజుకు రెండుసార్లు ఇచ్చే టీ ఒకవైపు.

ఈ నాలుగు మాటలు రాసుకోవడానికి మొన్న చీరాల వెళ్ళినప్పుడు ధరలు నేనే అడిగాను. రాగులు కిలో 50, వేరుశెనగ గుళ్ళు 150, బెల్లం 60, శెనగలు 90. నాలుగూ ఒక్కో కిలో కొంటే 350. రోజుకు రెండు ప్యాకెట్లంటే 20 రూపాయలు, బడి ఉండే పాతిక రోజులకు 500. మిగిలే ఆ 150 సంగతి కింద చెబుతాను, నా కన్ను దాని మీదే ఉంది.

ఇంకో రెండు మాటలు, కోపం తెచ్చుకోకండి. కార్తీక మాసమని గుడ్డు వద్దనే పిల్లలున్నారు. మీ నియమం మీ ఇష్టం, బలవంతం చెయ్యం. కానీ ఇంట్లో పెద్దలెవరూ ఏ నియమమూ పాటించకుండా పిల్లకు మాత్రం "గుడ్డు తినకు" అని చెప్పి పంపితే ఆ నెలంతా ఆ పిల్లకు ఆ బదులు ఏం పెడుతున్నారో కూడా నాకు చెప్పండి. రెండోది, అన్నంలో అక్కడక్కడా వేరుగా కనిపించే గింజలు ప్లాస్టిక్ బియ్యం కాదు. ఐరన్, ఫోలిక్ యాసిడ్, విటమిన్ బి12 కలిపి చేసిన గింజలు అవి. నూరు కిలోల బియ్యానికి ఒక కిలో చొప్పున కలిపినవి. అంతా తిని సరిగ్గా ఆ గింజలే ఏరి పారేస్తున్నారు మన పిల్లలు, ఇంట్లో చూసి నేర్చుకుని.

ఇక్కడ ఒక అబ్బాయి గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పేరు రాయను, పోయినసారి ఇద్దరి పేర్లు రాస్తే మిగతావాళ్ళు ఆఫీసుకు వచ్చి నిలదీశారు. వాళ్ళ నాన్న వాడరేవులో చేపల వేటకు వెళతారు. మా ఇంట్లో వంజరం పడితే అమ్ముతారు టీచర్, మాకు మెత్తళ్ళే వండుతారు అని తరగతిలో సిగ్గుపడుతూ చెప్పాడట. ముల్లుతో సహా నమిలి తినే చిన్న చేపల్లో కాల్షియం దండిగా ఉంటుందని సైన్సు టీచరు చెప్పేసరికి, ఆ రాత్రే కూర్చుని ఏ చేప ఎంత ధర, దేన్ని ముల్లుతో తినొచ్చు అని రెండు పేజీలు రాసుకొచ్చాడు. సోమవారం ప్రార్థనలో చదివించాను. మెత్తళ్ళ పులుసు ఎలా పెడతారో కూడా చదివాడు, చింతపండు కొలతతో సహా. ఆ రోజు మధ్యాహ్నం దాకా స్టాఫ్ రూములో అదే మాట.

ఇక నా అసలు సంగతి. ఈ నెల 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. పుస్తకం అంటే ఎక్కడో పెద్ద ఊళ్ళ వాళ్ళ వ్యవహారం అనుకునేవాళ్ళు దయచేసి మన జిల్లా చరిత్ర ఒకసారి వినండి. కొల్లూరు నుంచి పెదవడ్లపూడి వెళ్ళే కాలువలో 1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు పడవల్లో పుస్తకాలు పెట్టించారు. దిగేదాకా చదువుకో, దిగేటప్పుడు తిరిగి పెట్టెయ్. అప్పట్లో పడవను గట్టు మీద నుంచి తాడుతో లాగేవాళ్ళు, ప్రయాణం గంటలు గంటలు పట్టేది, చదవడానికి అంతకంటే మంచి చోటు ఉంటుందా! మా తాతయ్య ఆ పడవెక్కారు. చదవడం రాకపోయినా ఎక్కారు, పక్కవాడు పైకి చదివితే విన్నారు. చదువు రానివాడు కూడా పుస్తకం విన్న ఊళ్ళు ఇవి. మనకు ఆనుకునే ఉన్న వేటపాలెంలో సారస్వత నికేతనం అనే గ్రంథాలయం 1918లో మొదలైంది, 1929లో గాంధీ గారు వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. (ఇందాక చెప్పిన పోషకాహార సంస్థ కూడా కూనూరులో 1918లోనే పుట్టింది. ఈ రెండూ ఒకే ఏడు పుట్టాయని తెలిసిన రోజు నేనెంత సంబరపడ్డానో మా ఇంట్లోవాళ్ళనడగండి.) పరిశోధన చేసుకునేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి సారస్వత నికేతనంలోని పాత పత్రికలు తిరగేసుకుంటారు. ఎనిమిదో తరగతిని తీసుకెళ్ళినప్పుడు ఇంతకుముందు ఇక్కడికి వచ్చినవాళ్ళు చెయ్యెత్తండి అన్నాను. రెండు చేతులు లేచాయి. అందులో ఒకటి మా తెలుగు మాస్టారిది. మీ ఇంటి పన్ను రసీదు తీసి చూసుకోండి, పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కట్టే ఉంటారు. హోటల్లో డబ్బు కట్టి భోజనం చెయ్యకుండా వచ్చేస్తామా ఎవరమైనా?

ఇంట్లో చదివించడానికి మీకు చదువు రానక్కర్లేదు. మగ్గం గుంటలో కూర్చునే వినొచ్చు. కండెలు చుడుతూ వినొచ్చు. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, పావుగంట పైకి చదవమనండి. తప్పు చదివిందో లేదో మేం చూసుకుంటాం, మీరు "తర్వాత ఏమైంది?" అని ఒక్కమాట అడిగితే చాలు. ఏడో తరగతి అమ్మాయి ఒకతి వాళ్ళ నాయనమ్మకు రోజూ ఇలా చదువుతోంది. నాయనమ్మ కథ మధ్యలో పడుకుంటే తర్వాతి రోజు అక్కడి నుంచి కాకుండా, మళ్ళీ మొదటి నుంచి చదవమంటుందట. అందుకని ఆ పిల్లకు మూడు కథలు కంఠతా వచ్చేశాయి. మండల స్థాయి పోటీలో ఆ మూడిట్లో ఒకటి చెప్పి మొదటి బహుమతి తెచ్చింది.

మీరేమో "మా వాడు పుస్తకం ముట్టడు మేడం, మీరే గట్టిగా చెప్పండి" అంటారు. చెబుతాను. కానీ ఇంట్లో సాయంత్రం ఆరు నుంచి పది దాకా టీవీలో సీరియళ్ళు నడుస్తుంటే, నాన్నగారి చేతిలో ఫోను ఉంటే, పిల్లవాడు ఒక్కడే మూల కూర్చుని ఎలా చదువుతాడో మీరే చెప్పండి. ఫోను వదల్లేమంటే అదే ఫోనులో స్టోరీవీవర్ అని తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, బొమ్మలతో. అది తెరిచి ఇవ్వండి. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళ పిల్లల పుస్తకాలు చవక. ఇందాక మిగిలిన 150 రూపాయలకు రెండో మూడో వస్తాయి. నా కన్ను వీటి మీదే అన్నాను గదా. 14న వరండాలో పుస్తకాల బల్ల పెడుతున్నాం. పిల్లలకు ప్యాకెట్ డబ్బులు ఇచ్చే అలవాటు ఉన్నవాళ్ళు ఆ వారం కూడా ఇవ్వండి, ఇక్కడ ఖర్చు పెడతారు.

మిగతావి: పదో తరగతి పరీక్ష ఫీజు గడువు డైరీలో రాయించాం, చూసి సంతకం పెట్టండి. పదిహేనేళ్ళు నిండినవాళ్ళు ఆధార్ వేలిముద్రలు అప్‌డేట్ చేయించుకోవాలి. వానకు సైకిల్ స్టాండు రేకు ఎగిరిపోయింది, ఈ వారంలో వేయిస్తాం. కొత్త లెక్కల టీచరు వచ్చారు, బాగా చెబుతున్నారు.

గేటు ఎదురుగా ఉన్న కొట్టు గురించి అడుగుతున్నారు. బడి గేటుకు 50 మీటర్ల లోపల ఇలాంటి తిండి అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లోనే నిబంధన పెట్టింది. కొట్టాయనతో నేను రెండుసార్లు మాట్లాడాను. మీలో సగం మందికి ఆయన చుట్టమే, మీరూ ఒక మాట అనండి. ప్యాకెట్ల బదులు గుగ్గిళ్ళు, పల్లీలు, జామకాయలు పెడితే మొదటి బేరం నాదే.

ఇక ఆ నలభై ఒక్క ప్యాకెట్లు. ఒక్కటి కూడా పారెయ్యలేదు, మేమెవరం తినలేదు. ఒక్కోదాని మీద పిల్లల పేరు రాసి గోనెసంచిలో పెట్టి నా గదిలో ఉంచాను. మీ డబ్బుతో కొన్నవి, మీవే. శనివారం సాయంత్రం నాలుగు దాకా ఎవరైనా వచ్చి తీసుకెళ్ళొచ్చు. ఇప్పటిదాకా ఒక్క తండ్రి వచ్చారు. సంచి విప్పి చూసి, కూర్చుని మంచినీళ్ళు తాగి, వీడియో తీసింది మా వాడే మేడం అని చెప్పి వెళ్ళిపోయారు. ప్యాకెట్ తీసుకోలేదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు

మరో మాట: భోజనాల షెడ్డు దగ్గర మూడు స్టీలు డబ్బాలు మిగిలిపోయి ఉన్నాయి. ఒకదాని మూత మీద పెళ్ళి కానుక అని, తేదీతో సహా చెక్కి ఉంది. పోయిందని తెలిస్తే ఇంట్లో గొడవ అవుతుంది. పిల్లలతో చెప్పించకుండా మీరే వచ్చి తీసుకెళ్ళండి.